పట్టీకో లాగ్ బుక్కు

ముందే ఒప్పేసుకుంటాను, తప్పు నాదే. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఏ ఫారంలోనూ ఒక్క గడి ఖాళీగా వదిలిన పాపాన పోలేదు నేను. పెళ్ళిచూపుల రోజున మా మామగారు మాటవరసకి "ఏమిటండీ విశేషాలు?" అంటే, పుట్టుమచ్చలతో సహా అన్నీ చెప్పానని మా ఆవిడ ఇప్పటికీ ఏడిపిస్తుంది. అడిగితే చెప్పాలి కదండీ మరి! చెప్పకపోతే అడగడం ఎందుకు?

నా పేరు పాండ్రంకి సన్యాసిరావు. జంగాలపాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుని. మందులిచ్చేది నేనే, స్టోరు తాళాలు నా దగ్గరే, కంప్యూటరు ముందు కూర్చునేదీ నేనే. మా కేంద్రానికి కరెంటు చుట్టపుచూపుగా వస్తూంటుంది. వచ్చినప్పుడు మర్యాద చేస్తాం, పోయినప్పుడు ఏమీ అనుకోం.

అలాంటి చోటికి ఒకరోజు స్వయంశక్తి పట్టీలు వచ్చాయి. వేలెడంత కాగితం ముక్క. దానికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. గర్భిణీ స్త్రీ మూత్రం ఒక్క చుక్క వేస్తే, ఆ చుక్కతోనే లోపల ఏదో రసాయనం కదిలి, చిటికెడు కరెంటు పుట్టి, ఓ చిన్న దీపం వెలుగుతుంది. మూత్రంలో అల్బుమిన్ అనే మాంసకృత్తు పోతూంటే ఎర్రదీపం, అంటే తల్లికి ప్రమాదం; పోకపోతే పచ్చదీపం. చూశాక పారెయ్యడమే. ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. మా దగ్గర గర్భిణీల పరీక్షలు గురువారాలు. మొదటి గురువారం మా రత్నమణి సిస్టరు ఇరవై నిమిషాల్లో పన్నెండుమందికి పరీక్ష చేసేసి, పదకొండింటికల్లా తీరిగ్గా టీ తాగింది. ఆవిడ ఈ కేంద్రంలో పద్దెనిమిదేళ్ళుగా ఉన్న స్టాఫ్ నర్సు. పదకొండింటికి టీ తాగడం నేను అదే మొదటిసారి చూశాను.

ఆ మధ్యాహ్నం నేను కంప్యూటరులో పట్టీల వివరాలు ఎక్కిస్తున్నాను. అయిదు వందల పట్టీలు. ఒకచోట ఒక గడి వచ్చింది. 'పరికరం దేనిమీద నడుచును? కరెంటు, బ్యాటరీ, ఇంధనం, ఏదీ కాదు.'

"ఏదీ కాదు అని నొక్కెయ్యండి సన్యాసిరావు గారూ, మీకు పుణ్యముంటుంది," అంది రత్నమణి సిస్టరు వెనకనుంచి.

"అలా ఎలా నొక్కుతానమ్మా? అబద్ధం కదూ? ఇదిగో, కవరుమీద అచ్చేసి ఉంది, 'రోగి మూత్రమే దీనికి ఇంధనం' అని."

"అది వాళ్ళేదో గొప్పకి రాసుకున్నారు."

"అచ్చులో ఉన్నదాన్ని కాదనడానికి నేనెవర్ని?" అని 'ఇంధనం' నొక్కాను.

వెంటనే ఇంకో మూడు గడులు తెరుచుకున్నాయి. ఇంధనం రకం? పెట్రోలు, డీజిలు, ఇతరములు. 'ఇతరములు' నొక్కి, పక్కన 'మూత్రం' అని రాశాను. చక్రాల సంఖ్య? 'సున్నా' అని రాశాను. బ్రేకుల స్థితి? కాస్త ఆలోచించి 'తృప్తికరం' అని రాశాను. ఆ చక్రాల దగ్గరైనా బుద్ధున్నవాడెవడైనా ఆగుతాడు. నేను ఆగలేదు. గడి ఉంది, నింపాను.

నాలుగో రోజున మా వాకిట్లో ఓ వ్యాను ఆగింది. పట్టీలేమో రెండు అరచేతుల్లో పట్టే కవరులో వచ్చాయి. ఈ వ్యానులోంచి అయిదు వందల లాగ్ బుక్కులు దిగాయి. ఒక్కొక్కటి వంద పేజీలు, ఎర్ర అట్ట, ప్రభుత్వ జీపుల్లో ఉంటాయే, అచ్చం అవే. వెంట ఓ ఉత్తరం. 'మీ కేంద్రమునకు నూతనముగా సమకూరిన అయిదు వందల ఇంధన చాలిత వాహనములకు గాను, వాహనమునకు ఒకటి చొప్పున లాగ్ బుక్కులు పంపడమైనది. ప్రతి ప్రయాణమునకు బయలుదేరిన స్థలము, చేరిన స్థలము, దూరము, ప్రయాణ కారణము, డ్రైవరు సంతకము విధిగా నమోదు చేయవలెను.' కింద సంతకం, తాతపూడి దయానిధి, జిల్లా ఇంధన నోడల్ అధికారి.

దయానిధి గారి గురించి కాస్త చెప్పాలి. జిల్లాలో ఆరోగ్యశాఖ జీపులన్నిటికీ డీజిలు లెక్క చూసేది ఆయనే. ఒకప్పుడు ఆయన చేతికింద తొంభై బండ్లు నడిచేవి. అవి ఒక్కొక్కటే మూలపడి ఆఖరికి పదకొండు మిగిలాయి. ఆయన సీటే ఎత్తేస్తారని జిల్లా ఆఫీసులో అనుకుంటున్న రోజుల్లో, నా పుణ్యమా అని ఆయన బండ్లు ఒక్క పూటలో పదకొండు నుంచి అయిదు వందల పదకొండు అయ్యాయి. ఆయన ఆగలేదు. మిగతా ఆరోగ్య కేంద్రాలన్నిటికీ 'జంగాలపాడు నమూనా' పాటించమని సర్క్యులర్ కొట్టారు. పదిహేను రోజుల్లో ఆయన చేతికింద ఇరవై నాలుగు వేల వాహనాలు తేలాయి.

నేను ఫోను చేశాను. "సార్, ఆ గడి పొరపాటున నొక్కాను. మార్చుకుంటాను."

"సవరణకు అవకాశం లేదు సన్యాసిరావ్! మీరు పంపిన సమాచారం సత్యమా, అసత్యమా?"

"సత్యమే సార్, కానీ..."

"సత్యమైనప్పుడు సవరణ దేనికి? ఇంధనం వినియోగించి పనిచేయు ప్రతి సాధనమూ నిబంధనల మేరకు వాహనమే. మీలాంటి నిజాయితీపరులు శాఖకు అలంకారం," అని ఫోను పెట్టేశారు. ఆ మాటకి నాకు లోపల కొంచెం సంతోషం కూడా కలిగింది, అబద్ధం ఎందుకూ!

వాహనం అన్నాక డ్రైవరు ఉండాలి. మా కేంద్రానికి డ్రైవరు ఉన్నాడు, జీపే లేదు. ఉందిలెండి, పదకొండేళ్ళుగా వెనక పెరట్లో నాలుగు ఇటుకల మీద కూర్చుని ఉంది. దాని డ్రైవరు గండి అప్పలకొండ రోజూ వచ్చి సంతకం పెట్టి, దాని అద్దం తుడిచి, కాకుల్ని తోలి వెళ్ళిపోతూంటాడు. ఉత్తరం చదివి వినిపించేసరికి అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మర్నాడు ఖాకీ బట్టలు ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు.

"నాది లైటు లైసెన్సు బాబూ, ఇది హెవీ అంటే నా వల్ల కాదు," అన్నాడు అనుమానంగా.

"గ్రాము బరువు కూడా లేదోయ్."

"అలాగయితే ఫరవాలేదు."

ఆనాటి నుంచి మా కేంద్రంలో పరీక్షలు అప్పలకొండ తోలితేనే జరుగుతాయి. గర్భిణీ లోపలికి రాగానే అతను పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి, కిందనుంచి ఓసారి, మీదనుంచి ఓసారి ఊది, "రైట్" అనేవాడు. సిస్టరు చుక్క వేసేది. దీపం వెలగడం ఓ క్షణం ఆలస్యమైతే, "స్టార్టింగ్ ట్రబులమ్మా, చలికి అంతే, ఉండండి," అనేవాడు. తర్వాత లాగ్ బుక్కు తెరిచి నింపేవాడు. బయలుదేరిన స్థలం బాత్రూము, చేరిన స్థలం బల్ల, దూరం పదకొండు అడుగులు. ఆ దూరం టేపు పెట్టి కొలిచింది నేనే. ప్రయాణ కారణం దగ్గర అతను ప్రతిసారీ 'అర్జెంటు' అని రాసేవాడు. కాదనలేం. ఒక పట్టీ పనిచేసేది అర నిమిషం, దాని లాగ్ బుక్కు నింపేసరికి పది నిమిషాలు. తొంభై తొమ్మిది పేజీలు ఖాళీగా మిగిలిపోయేవి. సిస్టరు టీ మళ్ళీ మూడింటికి జరిగింది.

మా డాక్టరమ్మ మేఘమాల గారు ఉంటే ఏదో ఒకటి చేసేవారు. ఆవిణ్ణి పట్టీల వాడకంపై శిక్షణకని మూడు నెలలు రాజధానికి పిలిపించారు. ఫోను చేస్తే, "పట్టీ ఎలా వాడాలో ఇంకా రాలేదు సన్యాసిరావు గారూ, ఇప్పుడు క్లచ్చి గురించి చెబుతున్నారు," అన్నారు.

రెండో నెల మొదట్లో దయానిధి గారు స్వయంగా తనిఖీకి వేంచేశారు. వస్తూనే బాత్రూము ఎక్కడని అడిగారు. దారి చూపించాను. అవసరానికి కాదు, ఇంధన వనరును పరిశీలించడానికట. గుమ్మం మీద 'పొగ త్రాగరాదు' అని బోర్డు పెట్టించారు. గోడవార నాలుగు ఇసుక బకెట్లు పెట్టించారు. తర్వాత కుర్చీలో కూర్చుని నన్ను నిలబెట్టి అడిగారు.

"లీటరుకి ఎంత ఇస్తోంది?"

"ఏం సార్?"

"మైలేజీ, మైలేజీ! లీటరు ఇంధనంతో ఎన్ని పరీక్షలు?"

అడిగితే లెక్క కట్టకుండా ఉండలేను. "పరీక్షకి ఒక్క చుక్క సార్. మిల్లీలీటరుకి ఇరవై చుక్కలు. లీటరుకి ఇరవై వేలు."

ఆయన కళ్ళజోడు తీశారు. "ఇరవై వేలు! మరి ఒక్కొక్క మహిళ వద్ద ఎంత ఇంధనం సేకరిస్తున్నారు?"

"చిన్న సీసాడు సార్. ఓ యాభై మిల్లీలీటర్లు ఉంటుంది."

"చుక్క వాడి, మిగతాది?"

"పారబోస్తాం సార్."

ఆయన గుండెమీద చెయ్యి పెట్టుకున్నారు. "వెయ్యి పరీక్షల ఇంధనాన్ని ఒక్క పరీక్షకు తీసి, తొమ్మిది వందల తొంభై తొమ్మిది పాళ్ళు కాలవపాలు చేస్తున్నారా! ఇది దుర్వినియోగం కాక మరేమిటి?"

రత్నమణి సిస్టరు అడ్డం వచ్చింది. "అది ఆ మనిషిది సార్. ఆమె ఒంట్లో ఏముందో తెలుసుకోడానికే ఆమెది తీసుకుంటాం."

"సిస్టర్, మీరు వైద్యం చూసుకోండి, ఇంధనం నాకు వదిలిపెట్టండి. జీపులో పోసే డీజిలు ఏ బావిదో డ్రైవరు అడుగుతాడా? ఏం అప్పలకొండా?"

"అడగం బాబూ," అన్నాడు అప్పలకొండ నిటారుగా నిలబడి.

"చూశారా! నేటి నుంచి వచ్చిన ఇంధనం అంతా ఒకే డబ్బాలో జమ చేయాలి. స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి. ఇండెంటు పెట్టాక, చుక్కల లెక్కన విడుదల చేయాలి. స్టాకులో చేరని ఇంధనం ఒక్క చుక్క కూడా బయట కనపడరాదు."

ఆయన వెళ్ళాక పెద్ద తెల్ల డబ్బా ఒకటి వచ్చింది, కుళాయితో సహా. గురువారం గురువారం వచ్చిన పాతికమందిదీ అందులో పోసి, కుళాయి తిప్పి, పాతిక పట్టీలమీద పాతిక చుక్కలు వేసేవాళ్ళం. ఫలితాలు చూడముచ్చటగా వచ్చాయి. పాతికా పచ్చదీపాలే. ఎర్రదీపం వెలగాల్సిన మనిషిది ఒకటి ఉందనుకోండి, పాతికమందిదాంట్లో కలిసి పలచనైపోతుంది, పట్టీకి అందదు. మూడు వారాల్లో మా మండలంలో జబ్బనేదే లేకుండా పోయింది. జిల్లా నుంచి అభినందన పత్రం వచ్చింది, 'ఫలితాలలో నూటికి నూరు శాతం ఏకరూపత సాధించినందుకు' అని. అప్పలకొండ దాన్ని ఇటుకలమీది జీపు అద్దానికి లోపలివైపు అంటించాడు.

రత్నమణి సిస్టరు మాత్రం నాతో మాట్లాడ్డం మానేసింది. మందుల చీటీ ఇచ్చినా కిటికీలోంచి విసిరేది. నాకు అన్నం సహించేది కాదు. గడులన్నీ నింపినందుకు మనిషికి ఇంత శిక్షా అనిపించేది. అప్పుడే లోవకుమారి వచ్చింది.

గురువారం పదిన్నర అయింది. దయానిధి గారు ఆ రోజే లాగ్ బుక్కుల తనిఖీకి వచ్చి స్టోరు గదిలో ఉన్నారు. తన డ్రైవరుని సాయంత్రం దాకా తీరిగ్గా బేరమాడి జీడిపప్పు కొనుక్కురమ్మని ఊళ్ళోకి పంపించి, కారు నీడకి జరపమని తాళంచెవి అప్పలకొండకి ఇచ్చారు. నేను లాగ్ బుక్కులు కట్టలు విప్పుతున్నాను. హాల్లోంచి అచ్చియ్యమ్మ గొంతు వినపడింది. అచ్చియ్యమ్మంటే చాకిపల్లిలో జీడితోటల్లో కూలికెళ్ళే మనిషి. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"సిస్టరమ్మా, మా కోడలు గుంటని సూడమ్మా! కాళ్ళు సూడు ఎలాగ ఉబ్బిపోనాయో. పొద్దున్నుంచి తలనొప్పి, కళ్ళకి మిణుగురులు కనిపిత్తన్నాయంట."

లోవకుమారికి ఇరవై ఒకటో ఏడు, ఎనిమిదో నెల. మొహం కూడా ఉబ్బి ఉంది. బల్లమీద కూర్చోబెట్టి బీపీ చూసిన సిస్టరు మొహం మారిపోయింది. రెండోసారి చూసింది. "నూట అరవై, నూట పది," అంది నెమ్మదిగా. నావైపు చూసి, నెలరోజుల తర్వాత మొదటిసారి మాట్లాడింది. "పెద్దాసుపత్రికి రిఫరల్ చీటీ తియ్యండి. అంబులెన్సు అడగండి. త్వరగా."

నేను కంప్యూటరు ముందుకి పరిగెత్తాను. రిఫరల్ చీటీ రావాలంటే పట్టీ ఫలితం కావాలంది. అప్పలకొండ పట్టీ తీశాడు, ఊదాడు, "రైట్" అన్నాడు. డబ్బా కుళాయి తిప్పాం. పచ్చదీపం. కంప్యూటరులో 'పచ్చ' నొక్కగానే, 'రోగి ఆరోగ్యముగా ఉన్నది. రిఫరల్ అవసరం లేదు. అంబులెన్సు మంజూరు కాదు' అని వచ్చింది.

"బీపీ ఎక్కించండి!"

"గడి లేదమ్మా," అన్నాను. ఆ మాట అంటూంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"ఆటోలో తీసికెల్లిపోతాం," అంది అచ్చియ్యమ్మ.

"చీటీ లేకపోతే అక్కడ వెనక్కి పంపేస్తారు. మొన్న ఒకామెని గేటు దగ్గర్నుంచే పంపేశారు." సిస్టరు గొంతు తగ్గించింది. "ఫిట్సు వచ్చేలా ఉంది."

అచ్చియ్యమ్మకి ఆ ఇంగ్లీషు మాట అక్కర్లేకపోయింది. "గుర్రపు వాతమా తల్లీ?" అంది. "మా ఆడపడుచు దాంతోనే పోనాది. కడుపులో బిడ్డతోటే తగలెట్టేసినాం." ఆ పెద్ద గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. లోవకుమారి అత్తగారి కొంగు పట్టుకుని, "నాకేటీ కాదు, ఊరుకో అత్తా," అంటోంది. ధైర్యం చెప్పాల్సింది ఎవరు, చెబుతున్నది ఎవరు!

రత్నమణి సిస్టరు లోవకుమారిని బాత్రూముకి తీసుకెళ్ళి వేరే చిన్న సీసాలో పట్టించింది. డబ్బావైపు చూడనైనా చూడలేదు. బీరువా అడుగునుంచి స్పిరిట్ దీపం, ఓ టెస్టు ట్యూబు, చెక్క పట్టకారు తీసింది. వాటిమీది దుమ్ము చూస్తే పదేళ్ళదిలా ఉంది. ట్యూబులో ఓ పది మిల్లీలీటర్లు పోసి, పైభాగాన్ని మంటమీద తిప్పుతూ వేడిచేసింది.

"పట్టీలు రాకముందు ఎలా చేసేవాళ్ళం అనుకున్నారు?" అంది.

పైన తెల్లగా మబ్బు కట్టింది. సిస్టరు రెండు చుక్కలు ఎసిటిక్ ఆసిడ్ వేసింది. మబ్బు పోలేదు సరికదా, ఉడికిన గుడ్డు తెల్లసొనలాగ గడ్డకట్టింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

సరిగ్గా అప్పుడే దయానిధి గారు లాగ్ బుక్కు నంబరు ఏదో అడగడానికి బయటికొచ్చారు. మంట చూశారు, మంటమీద మరుగుతున్నది చూశారు.

"ఇంధనం! ఇంధనాన్ని నిప్పుమీద పెడతారా! కేంద్రం ఎగిరిపోతుంది! అందరూ బయటికి పరిగెత్తండి!" అని అరిచి, అందరికంటే ముందు తానే పరిగెత్తారు. ఓ క్షణానికి ఇసుక బకెట్‌తో వచ్చి దీపం మీద గుమ్మరించారు. అప్పటికి ట్యూబు సిస్టరు చేతిలో భద్రంగా ఉంది. ఆవిడ ఓ తెల్ల కాగితంమీద 'అల్బుమిన్ నాలుగు ప్లస్సులు, బీపీ 160/110, అర్జెంటు' అని రాసి, కేంద్రం ముద్ర గుద్ది, ఆ ట్యూబుకి దూది మూత పెట్టి, రెండూ అచ్చియ్యమ్మ చేతిలో పెట్టింది.

"ఇది చూపించండి. చీటీ అడిగితే ఈ తెల్లగడ్డ చూపించండి. చూసిన ఏ డాక్టరూ కాదనడు. కానీ బండి కావాలి. ఇప్పుడే కావాలి."

అప్పలకొండ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతని చేతిలో దయానిధి గారి కారు తాళంచెవి ఉంది. నేను అతన్ని చూశాను, అతను నన్ను చూశాడు. పదకొండేళ్ళుగా స్టీరింగు ముట్టని మనిషి.

"నీడకి జరపమన్నారు కదా," అన్నాను నెమ్మదిగా. "పెద్దాసుపత్రి దగ్గర మంచి నీడ ఉంటుందోయ్."

అతను వెళ్ళిపోయాడు. ఇక నా వంతు.

"సార్," అన్నాను దయానిధి గారితో వినయంగా, "ప్రమాదం తప్పింది. తమరి సమయస్ఫూర్తి వల్లే. తనిఖీ మధ్యలో ఆపితే రికార్డు అసంపూర్ణం అవుతుంది. వాహనం ఒకటి నుంచి మొదలెడదామా?"

ఆయన ఇంకా ఆయాసపడుతూనే గర్వంగా తలూపారు. స్టోరు గదిలోకి తీసుకెళ్ళి, కుర్చీ వేసి, తలుపు దగ్గరగా వేశాను. తర్వాత నేను చదవడం మొదలెట్టాను. నా జీవితంలో ఎన్నడూ చదవనంత శ్రద్ధగా చదివాను. "వాహనం సంఖ్య ఒకటి. బయలుదేరిన స్థలం, బాత్రూము. చేరిన స్థలం, బల్ల. దూరం, పదకొండు అడుగులు. ప్రయాణ కారణం, అర్జెంటు. చక్రాల సంఖ్య, సున్నా. బ్రేకుల స్థితి, తృప్తికరం." ఒక్క గడి వదల్లేదు. బయట కారు స్టార్టు అయిన చప్పుడు వినిపించింది. గొంతు పెంచి, "వాహనం సంఖ్య రెండు!" అన్నాను.

"అదేం చప్పుడు?"

"నీడకి జరుపుతున్నాడు సార్. వాహనం సంఖ్య రెండు. బయలుదేరిన స్థలం..."

నూట నలభయ్యో బండి దగ్గర ఆయన ఆవలించారు. "సంతకాలు పెట్టేస్తాను, చదవక్కర్లేదు," అన్నారు.

"అయ్యో, నిబంధనల మేరకు చదవాలి కదా సార్."

మూడు వందల పన్నెండో బండి దగ్గర కునుకు పట్టింది ఆయనకి. నేను చదువుతూనే ఉన్నాను. గదిలో వినేవాళ్ళు లేకపోయినా చదివాను. నా గొంతు ఆగితే అక్కడ ఆ పిల్లకేదో అయిపోతుందని భయం పట్టుకుంది నాకు. తర్కం అడక్కండి.

సాయంత్రం నాలుగింటికి కారు తిరిగొచ్చింది. అప్పలకొండ చొక్కా తడిసి ముద్దయింది. కిటికీ దగ్గరకొచ్చి, "లోపలికి తీసుకున్నారు బాబూ. ఆ ట్యూబు చూసి పెద్ద డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆపరేషన్ సేసేసినారు. ఆడగుంట. కేజీ తొమ్మిది వందలంట. ఇద్దరూ బాగానే ఉన్నారు," అన్నాడు. మాట పూర్తికాకుండానే ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. సిస్టరు మాత్రం, "టీ పెట్టించండి," అంది.

అప్పలకొండ కారు లాగ్ బుక్కు నాకిచ్చాడు. అన్ని గడులూ నింపి ఉన్నాయి. బయలుదేరిన స్థలం జంగాలపాడు, చేరిన స్థలం పెద్దాసుపత్రి, దూరం రానూ పోనూ నూట ఆరు కిలోమీటర్లు, ప్రయాణ కారణం 'అర్జెంటు'. దాన్ని అయిదు వందల లాగ్ బుక్కుల గుట్టలో మధ్యన దూర్చాను. దయానిధి గారు నిద్రలేచి, అయిదు వందల ఒక్క సంతకాలు చకచకా పెట్టి, జీడిపప్పు పొట్లం చంకనపెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ ఏడు జిల్లా ఆడిట్‌లో ఒక్క అభ్యంతరమూ లేని ప్రయాణం అదొక్కటేనట.

మెమో మాత్రం వచ్చింది. కారు గురించి కాదు. 'స్టాకులో జమ చేయక దారి మళ్ళించిన పది మిల్లీలీటర్ల ఇంధనమును బహిరంగ జ్వాలపై దగ్ధము చేసి నష్టపరచినందున, సదరు పరిమాణమును సదరు మహిళ నుండి గానీ, ఆమె వారసుల నుండి గానీ నలభై అయిదు దినములలో రాబట్టి స్టాకులో జమ చేయవలెను. కల్తీ లేదని ధ్రువీకరించవలెను.' రత్నమణి సిస్టరు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, నా బల్లమీద పెట్టింది. "గడులు మీరే తెరిచారు, మీరే మూసెయ్యండి," అంది. కానీ ఈసారి నవ్వుతూ అంది.

డాక్టరమ్మ శిక్షణ ముగించుకుని వచ్చాక మా గురువారాలు మళ్ళీ బాగుపడ్డాయి. ఎవరిది వాళ్ళ సీసాలోనే, ఎవరి చుక్క వాళ్ళ పట్టీమీదే. రిజిస్టరులో ఇంధనం యథావిధిగా డబ్బాలోంచే విడుదలవుతోంది. ఆ డబ్బాలో ఇప్పుడేముందో నేను చెప్పను. మా పెరట్లో బోరింగు ఉందని మాత్రం చెబుతాను.

నలభై నాలుగో రోజున మెమోకి జవాబు రాయలేక తల పట్టుకుని కూర్చున్నాను. స్టాకు రిజిస్టరు ఎదురుగా తెరిచి ఉంది. అచ్చియ్యమ్మ గొంతు గుమ్మం దాటకముందే లోపలికొచ్చింది.

"ఏటి బాబూ, మొహం అలాగ ఎట్టుకున్నావు? ఇదిగో, మా మనవరాల్ని సూడు! సూదిమందు ఏయించడానికి తెచ్చినాం. నువ్వు లాగుబుక్కులు సదివి బతికించిన గుంట!"

వెనకే లోవకుమారి నవ్వుతూ నిలబడింది. వాపు పోయి మొహం తేటగా ఉంది. వద్దన్నా వినకుండా అచ్చియ్యమ్మ ఆ పిల్లని నా చేతుల్లో పెట్టేసింది. బొత్తిగా ఆదమరిచి నిద్రపోతున్న పిల్ల, నా కళ్ళజోడు చూసి కళ్ళు తెరిచింది. ఓ క్షణం ఆలోచించింది. తర్వాత వెచ్చగా, ధారగా, నా చొక్కామీంచి, మెమో మీదుగా, తెరిచి ఉన్న స్టాకు రిజిస్టరు మీదికి వదిలింది.

"అయ్యయ్యో బాబూ, పుస్తకం!" అంటూ అచ్చియ్యమ్మ కొంగుతో తుడవబోయింది.

"తుడవకండి!" అని అరిచాను. "ఎవరూ ముట్టుకోకండి!"

పిల్లని సిస్టరు చేతికిచ్చి, పొడి పెన్ను వెతికి, తడవకుండా మిగిలిన గడుల్లో రాశాను. ఇచ్చినవారు, సదరు మహిళ వారసురాలు. పరిమాణం, పది మిల్లీలీటర్లకు తక్కువ కాదు. చివరి గడిలో, 'కల్తీ లేదు' అని రాసి సంతకం పెట్టాను.